గుంపు కట్టించేది నీళ్ళేనండి, అయస్కాంతం కాదు

రొయ్యల చెరువు అడుగున పేరుకునే నల్లమట్టి అంటే మా కోనసీమలో ఎవరికీ పడదు. పట్టుబడి అయిపోయిందంటే చాలు, నీళ్ళు తోడించేసి, నేల బీటలు వారేదాకా ఎండబెట్టి, పైపొర గీకించి గట్టవతల పోయించి, సున్నం చల్లితే గానీ మళ్ళీ సీడ్ వెయ్యరు. గ్యాస్ లేస్తుందని భయం, ఆ భయంలో తప్పేం లేదు కూడా, తెల్లారగట్ల కరెంటు పోయి ఏరేటర్లు (చెరువు నీళ్ళలోకి గాలి ఎక్కించే మిషన్లు) ఆగితే ఏమవుతుందో గోదావరి జిల్లాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఆ నల్లమట్టి మీద వేరే యావ, అలాంటి బురదలో బతికే అయస్కాంతం బాక్టీరియా కోసం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేవాడికి బురదతో పనేంటని ఇంట్లో ఎన్నిసార్లు అడిగారో. చెరువుల్లో బ్లీచింగూ అదీ కొడతారు కాబట్టి వాటి జోలికి పోను, ఊరి చివర మురుగు కాలవ ఉంది, కర్ర గుచ్చితే బుడగలొస్తాయి, అక్కడి అడుగు మట్టి నాలుగు పిడికిళ్ళు పచ్చడి సీసాలో వేసి, పైన అదే కాలవ నీళ్ళు పోసి, మూత వదులుగా పెట్టి, ఎండ తగలని మూల పెట్టేస్తా.

కొన్నాళ్ళకి సీసాలో మట్టి సర్దుకుంటుంది, పైన పల్చటి గోధుమరంగు పొర, కింద నలుపు. ఆ రెండిటి మధ్య కొద్ది మిల్లీమీటర్లలోనే ఆక్సిజన్ కథ ముగిసిపోతుంది, పైన ఉంటుంది, కింద అసలుండదు. సరిగ్గా ఆ సరిహద్దు పట్టుకుని బతికే బాక్టీరియాల్లో కొన్ని రకాలు ఒంట్లోనే అయస్కాంతం తయారుచేసుకుని తిరుగుతాయి. అబద్ధం కాదండి. నీళ్ళలో కరిగున్న ఇనుము పీల్చుకుని, ఒంట్లో చిన్న చిన్న తిత్తులు కట్టుకుని, ఒక్కో తిత్తిలో ఒక్కో మాగ్నెటైట్ (ఇనుము ఆక్సిజన్ కలిసిన అయస్కాంత ఖనిజం) స్ఫటికం పెంచుతాయి, కొన్ని రకాలైతే ఇనుము గంధకం కలిసిన గ్రెగైట్ పెంచుతాయి. ఒక్కో గింజ సుమారు 35 నుంచి 120 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు). ఆ కొలత ఊరికే రాలేదు, అంతకన్నా బాగా చిన్నదైతే మామూలు వేడికే అయస్కాంతం దిక్కు నిలవదు, బాగా పెద్దదైతే లోపలి అయస్కాంతం వేర్వేరు దిక్కుల ముక్కలుగా విడిపోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇలాంటి గింజలు పదో ఇరవయ్యో వరసగా పేర్చి ఒంటి పొడుగునా గొలుసు కట్టుకుంటుంది ఆ జీవి. దాని మొత్తం పొడవు మామూలుగా కొద్ది మైక్రాన్లే (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

వీటిని మొట్టమొదట చూసినాయన ఇటలీలో సాల్వటోరె బెల్లిని, 1963లో, పావియా యూనివర్సిటీలో. నీళ్ళలో బాక్టీరియా పనిగట్టుకుని ఉత్తరానికే పోతున్నాయని రాశాడు. ఆ రాత పాపం అక్కడే ఉండిపోయి 2009లో గానీ ఇంగ్లీషులో అచ్చవలేదు. ఈలోగా అమెరికాలో రిచర్డ్ బ్లేక్‌మోర్ అనే స్టూడెంటు, వుడ్స్ హోల్ దగ్గర బురదలో ఇంకేదో బాక్టీరియా వెతుకుతూ, చుక్కలో కొన్ని ఎప్పుడూ ఒకే పక్కకి చేరుతుండటం గమనించి, వెలుతురేమోనని చూసి, అదీ కాదని తేల్చుకుని, అయస్కాంతం దగ్గర పెట్టేసరికి అవన్నీ తిరిగాయి. 1975లో సైన్స్ పత్రికలో వచ్చింది. అప్పట్నుంచీ పేరు ఆయనదే ముందు చెప్తారు, నాకెందుకో బెల్లిని మీదే జాలి.

సరే, అసలు సంగతికి వస్తా. అయస్కాంతం బాక్టీరియా అనగానే ఎవరికైనా తట్టే బొమ్మ ఒకటే, మేకులు పోయి అయస్కాంతానికి అతుక్కున్నట్టు ఇవీ పోయి అతుక్కుంటాయని. మా బాబాయ్‌కి చూపించినప్పుడు ఆయన కూడా అదే అన్నాడు.

"ఏరా అబ్బాయ్, అయస్కాంతం లాగేస్తోందన్నమాట."

"లాగట్లేదు బాబాయ్, తిప్పుతోందంతే. వెళ్ళేది అవే."

"రెండూ ఒకటే కదరా."

ఒకటి కాదు. ఇది కళ్ళారా చూడొచ్చు. సీసాకి బయట, మట్టికి కాస్త పైన, అయస్కాంతం దక్షిణ ధ్రువం ఆనించి కొన్ని గంటలు వదిలేస్తే అవి అక్కడికి చేరతాయి (మనం ఉత్తరార్ధంలో ఉన్నాం కాబట్టి ఎక్కువ శాతం ఉత్తరం వెతికేవే దొరుకుతాయి, దిక్సూచి ఉత్తరపు కొసని లాగేది అయస్కాంతం దక్షిణ ధ్రువమే కదా). అక్కణ్ణుంచి డ్రాపర్‌తో ఒక చుక్క తీసి కవర్ గ్లాస్ మీద వేసి, దాన్ని బోర్లించి చుక్క కిందికి వేలాడేలా పెట్టి, మైక్రోస్కోప్ స్టేజీ మీద పక్కన అయస్కాంతం పెట్టండి. చుక్క అంచు మీద ఫోకస్ పెడితే మొదట ఏమీ ఉండదు, ఇసుక రేణువులు, ఏవో పోగులు, అడ్డదిడ్డంగా పరిగెత్తే మామూలు బాక్టీరియా. చూస్తూండగానే అంచుకి ఒక్కొక్కటీ వచ్చి ఆగడం మొదలవుతుంది, ఆగిందంటే ఆగినట్టు కాదు, ఈదుతూనే ఉంటుంది, ముందుకి దారి లేదంతే. కాసేపటికి అంచంతా సన్నగా కాటుక దిద్దినంత నల్లగా తయారవుతుంది. ఇప్పుడు అయస్కాంతం తిరగేయండి. మొత్తం గుంపంతా ఒక్కసారే యూ టర్న్ కొట్టి అవతలి అంచుకి బయల్దేరుతుంది. చచ్చిపోయినవి కూడా తిరుగుతాయి చూడండి, కానీ తిరిగి అక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవు. బాబాయ్‌కి అది చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. ఫీల్డు (అయస్కాంత క్షేత్రం) పని స్టీరింగ్ తిప్పడం వరకే, ఇంజను వాటి తోకది.

ఒక చిన్న జాగ్రత్త. గోదావరి ఇసుకలో మాగ్నెటైట్ గింజలు మామూలుగానే ఉంటాయి, నది త్రయంబకం దగ్గర పుట్టి దక్కన్ లావా రాళ్ళ మీదుగా వస్తుంది, ఆ రాళ్ళ ఇనుము అరిగి అరిగి మన దాకా కొట్టుకొస్తుంది. సముద్రం ఒడ్డున నల్లటి చారల్లో అయస్కాంతం ఈడ్చి చూడండి, గడ్డం మొలిచినంత అంటుకుంటుంది. కాబట్టి సీసా పక్కన చేరిన నలుపంతా బాక్టీరియా అనుకోకండి. ఇసుక గింజ ఫీల్డు తిరగేస్తే ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది, లేదా బలమైన అయస్కాంతం వైపు జరుగుతుంది, వెనక్కి ఈదుకుంటూ పోదు.

ఇంతవరకూ ఒక్కొక్క జీవి సంగతి. నన్ను నిద్రపోనివ్వనిది గుంపు సంగతి.

ఫీల్డుని అడ్డంగా కాకుండా నిట్టనిలువుగా, గాజు పలక వైపు చూసేలా పెట్టారనుకోండి. బాక్టీరియా అన్నీ నిలువుగా ఈదుకుంటూ వెళ్ళి పలకకి తల ఆనించేస్తాయి. ఆగవు, తోక తిప్పుతూనే ఉంటాయి, ఫీల్డు పక్కకి తిరగనివ్వదు, పలక ముందుకి పోనివ్వదు. అలా తల గాజుకి ఆన్చి నిలబడ్డ వందలాది జీవుల్ని పైనుంచి చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. మొదట్లో అవి ఎక్కడ పడితే అక్కడ విడివిడిగా ఉంటాయి. కాసేపటికి రెండేసి, మూడేసి దగ్గరకొస్తాయి, తర్వాత గుంపులవుతాయి.

ఎందుకు? అయస్కాంతాలు కదా, ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి అనేస్తాం. మళ్ళీ తప్పే. రెండు కడ్డీ అయస్కాంతాలు తీసుకుని ఉత్తరాలు రెండూ ఒకే వైపు ఉండేలా పక్కపక్కన పెట్టి చూడండి, తోసుకుంటాయి. గాజు మీద నిలబడ్డవన్నీ సరిగ్గా అలాగే ఉన్నాయి, అన్నిటి ఉత్తరమూ ఒకే వైపు. అంటే అయస్కాంతం లెక్క ప్రకారం అవి ఒకదానికొకటి దూరం జరగాలి. జరగడం లేదు సరికదా దగ్గరకొస్తున్నాయి.

దగ్గరకి తెచ్చేది నీళ్ళు. తోక నీళ్ళని వెనక్కి, అంటే పలక నుంచి దూరంగా, తోస్తుంది. మామూలుగా ఈదేటప్పుడైతే ఆ తోపుకి ఒళ్ళు ముందుకి పోతుంది, లెక్క సరిపోతుంది. ఇక్కడ ఒళ్ళు పోలేదు, పలక అడ్డు. దాంతో నీళ్ళు మాత్రం పలక నుంచి పైకి లేచిపోతూంటాయి, లేచిపోయిన చోటికి చుట్టుపక్కల నుంచి పలక మీదుగా కొత్త నీళ్ళు వస్తాయి. చెరువు తోడేటప్పుడు ఇంజను పైపు దగ్గరికి గుర్రపుడెక్క దానంతటదే కొట్టుకొచ్చినట్టు, ఆ నీళ్ళతో పాటు పక్క బాక్టీరియం కూడా కొట్టుకొస్తుంది. తేడా ఏంటంటే ఇక్కడ కొట్టుకొచ్చేది కూడా ఒక పంపే, అదీ నీళ్ళు లాగుతోంది. రెండూ కలిస్తే లాగుడు ఎక్కువ, మూడోదాన్ని ఇంకొంచెం దూరం నుంచి తెస్తాయి, అలా పోతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వేశారు, పియర్స్, సూర్యకుమార్, ఇంకొందరు. ముందు రెండేసి బాక్టీరియాల మధ్య లాగుడు ఎంతో నేరుగా కొలిచారు, తర్వాత గుంపు దాకా వెళ్ళారు. గుంపు పెరగడంలో రెండు బలాల పెనుగులాట ఉందని తేల్చారు, నీటి ప్రవాహం లోపలికి లాగుతుంది, అయస్కాంతాల వికర్షణ బయటికి తోస్తుంది. అందుకే గుంపు మొదట గబగబా పెరిగి తర్వాత మరీ నెమ్మదిస్తుంది, లాగరిథం లెక్కన. అంటే కాలం 1 నుంచి 10కి వెళ్ళేలోపు ఎంత పెరిగిందో, మళ్ళీ అంతే పెరగాలంటే 10 నుంచి 100 దాకా ఆగాలి. మా పిల్లలకి లాగరిథం చెప్పేటప్పుడు భూకంపాలూ ఆమ్లాలూ చెప్పి చెప్పి విసుగొచ్చింది, ఈ ఏడాది నుంచి ఇదే చెప్తున్నా.

ఆ పేపర్లో నాకు భలే నచ్చిన సంగతి ఇంకోటుంది. గుంపు కట్టడం సరిగ్గా ఎక్కడ మొదలైందో కంటితో చెప్పడం కష్టం, ఒకరికి గుంపుగా అనిపించింది ఇంకొకరికి కాకతాళీయం అనిపిస్తుంది. అందుకని వాళ్ళు డేటాని కంప్రెస్ చేసి చూశారు, మనం ఫైల్ జిప్ చేస్తామే, ఆ జాతి పద్ధతే. చిందరవందరగా ఉన్నదాన్ని కంప్యూటర్ పెద్దగా కుదించలేదు, అందులో ఏదైనా క్రమం ఉంటే ఎక్కువ కుదిస్తుంది. కుదిరిన సైజు చూసి క్రమం ఎంతుందో చెప్పేయొచ్చు, ఆ క్రమం ఏంటో మనకి ముందే తెలియక్కర్లేదు కూడా. ఎంత తెలివండీ.

నీళ్ళదే పని అనడానికి ఇంకో సాక్ష్యం, అసలు అయస్కాంతమే లేని బాక్టీరియా కూడా ఇదే పని చేస్తాయి. థయోవలం అని ఒకటుంది, గంధకం వాసనొచ్చే బురదల్లోనే ఉంటుంది, సెకనుకి 600 మైక్రాన్ల దాకా ఈదగలదు, బాక్టీరియాల్లో దాని వేగం ముందు నిలిచేవి తక్కువ. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో పెట్రాఫ్, వు, లిబ్‌షాబర్ ముగ్గురూ కలిసి 2015లో చూపించారు, ఇవి గాజుకి తలాన్చి తిరుగుతూ, నీళ్ళు లాక్కుంటూ, తేనెపట్టు గళ్ళ వరసలో సర్దుకుని స్ఫటికం కట్టేస్తాయి, పైగా ఒక్కోటీ బొంగరం తిరుగుతుండటంతో పక్కవాటిని తోసి మొత్తం స్ఫటికమే గుండ్రంగా తిరుగుతుంది. వీటిలో ఎవరికీ ఎవరితో మాట్లాడే పని లేదు, నాయకుడు లేడు, దగ్గరకి రావాలనే ఉద్దేశం లేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో "బాక్టీరియా కూడా ఐకమత్యంగా ఉంటాయి" అని ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఈ రెండు పేపర్లూ పంపాలని ఉంటుంది గానీ పంపను, ఎవరితో పెట్టుకుంటాం.

వాటి సైజులో నీళ్ళు మనకి తెలిసిన నీళ్ళు కావు, అది కూడా చెప్పాలి. ఊపు మీద జారడం అనేదే ఉండదు. తోక ఆపితే బాక్టీరియం ముందుకి పోయే దూరం ఒక పరమాణువు వెడల్పు కంటే తక్కువని ఎడ్వర్డ్ పర్సెల్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త 1977లో లెక్క కట్టి చూపించాడు. అంటే అక్కడ ఏ కదలికైనా ఆ క్షణంలో ఉన్న తోపుల లెక్కే, పాత బాకీ ఏమీ మిగలదు. అందుకే గోడ దగ్గరికొస్తే అంత గొడవ, గోడ మీద నీళ్ళు కదలవు, ఆ ప్రభావం చుట్టూ పాకుతుంది. గోడ పక్కన అడ్డంగా ఈదే ఈ.కోలై (మన పేగుల్లో ఉండే బాక్టీరియా) తిన్నగా పోలేదు, వలయాలు కొడుతుంది, ఎందుకంటే తోక ఒక వైపు, ఒళ్ళు ఇంకో వైపు తిరుగుతాయి, గోడ దగ్గర రెండూ వేర్వేరు పక్కలకి దొర్లి ఒంటిని మెలితిప్పుతాయి. అయస్కాంతం ఉన్నదాన్ని మాత్రం ఫీల్డు పట్టుకుని ఆ మెలికకి ఎదురు తిప్పుతుంది.

గోడలనగానే ల్యాబులో గాజు పలకలే అనుకోకండి. కాలవ అడుగున మట్టిలో ఎటు చూసినా గోడలే, ప్రతి ఇసుక రేణువూ ఒక గోడ, ప్రతి ఆకు ముక్కా ఒక గోడ. ఈ జీవి బతుకంతా గోడల మధ్యే. అందుకే నాకు ఈ గాజు పలక ప్రయోగాలు ఉత్తినే వేడుక చూసేవి అనిపించవు.

గోడ అంటే నూనె అంచు కూడా కావొచ్చు. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒకటొచ్చింది, నూనెలో ఒక నీటి బొట్టు, బొట్టు నిండా ఈ బాక్టీరియా, బయట ఫీల్డు కదలకుండా ఒకే దిక్కున ఉంటుంది. ఏమీ తిప్పడం లేదు, అయినా బొట్టు లోపల నీళ్ళు సుడి తిరగడం మొదలెడతాయి, చుట్టూ ఉన్న నూనెని కూడా కదిలిస్తాయి. చిన్న మోటారు. ఇలాంటి వాటి మీద ఫ్రాన్స్‌లో చాలా పని జరుగుతోంది, సన్నటి గొట్టంలో వీటిని ప్రవాహానికి ఎదురు పెడితే మధ్యలో పోగై పూసల దండగా విడిపోతాయని కూడా 2016లో చూపించారు.

క్యాన్సర్ మందు సంగతి ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. నిజమే, మాంట్రియల్‌లో సిల్వాన్ మార్టెల్ బృందం 2016లో ఎంసీ-1 అనే రకానికి మందు పొట్లాలు తగిలించి, ఎలుకల్లో కణితి లోపల ఆక్సిజన్ తక్కువున్న చోటికి తోలింది. ఆక్సిజన్ తక్కువ చోటు వెతుక్కోవడం వీటికి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ఆ ఆలోచన చక్కటిదే. కానీ ఎలుక ఎలుకే. "బాక్టీరియా రోబోలతో క్యాన్సర్ మాయం" అని యూట్యూబ్‌లో అరిచేవాళ్ళని నమ్మి ఎవరూ డాక్టరు ఇచ్చిన మందులు మానెయ్యకండి.

మన ఊళ్ళ సంగతి ఒకటి చెప్పి వదిలేస్తా, దీని మీద ఎవరైనా పని చేస్తే బాగుండునని నా ఆశ. ఈ జీవులకి అయస్కాంతం ఎందుకంటే, భూమి ఫీల్డు ఉత్తరార్ధంలో ఉత్తరానికే కాదు కిందికి కూడా వాలి ఉంటుంది, దాన్ని పట్టుకుని పోతే ఆక్సిజన్ తక్కువున్న అడుగుకి చేరొచ్చు, అటూ ఇటూ వెతుక్కునే పని తగ్గుతుంది అని పుస్తకాల్లో రాస్తారు. దక్షిణార్ధంలో, న్యూజిలాండ్ వైపు, దక్షిణం వెతికేవి ఉన్నాయని 1980లో చూపించారు కూడా. బ్లేక్‌మోర్ బురద తవ్విన చోట ఆ వాలు 70 డిగ్రీల దగ్గర, దాదాపు నిట్టనిలువు. మన డెల్టాలో అది 20 డిగ్రీల చుట్టుపక్కల మాత్రమే. లెక్క వెయ్యండి, 20 డిగ్రీల సైన్ సుమారు 0.34, అంటే ఒక సెంటీమీటరు కిందికి దిగాలంటే మన బాక్టీరియం ఫీల్డు గీత వెంట దాదాపు మూడు సెంటీమీటర్లు ఈదాలి. సెకనుకి 30 మైక్రాన్లు అనుకుంటే పావుగంట పైమాటే. వాళ్ళ బాక్టీరియం ఆరు నిమిషాల్లో దిగిపోతుంది. మరి మనవాటికి అయస్కాంతం అంత లాభమా అని అడిగితే ఏం చెప్తాం? బ్రెజిల్‌లో అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఉత్తరం వెతికేవీ దక్షిణం వెతికేవీ కలిసే దొరికాయి, 1981లో వచ్చింది. 2006లో వుడ్స్ హోల్ దగ్గరే, ఉత్తరార్ధంలో, దక్షిణం వెతికేవి గుంపులుగా దొరికి ఆ పాఠ్యపుస్తకం కథకే చిల్లు పడింది. నా అనుమానం, కిందా పైనా అనే ఒక్క కారణమే పట్టుకుంటే చాలదు, గోడల మధ్య తిన్నగా పోవడానికి, గుంపుగా ఉండటానికి ఫీల్డు ఏం చేస్తోందో కూడా చూడాలి. ఇది నా అనుమానం మాత్రమే.

ఇంట్లో చూడాలనుకునేవాళ్ళకి, నిలువు ఫీల్డు కోసం పాత స్పీకర్‌లో ఉండే రింగు అయస్కాంతం బెస్టు, మధ్య కన్నంలోంచి అద్దం వెలుతురు పైకి వస్తుంది. స్టేజీ కింద పెట్టండి. ఏ మొహం పైకి పెట్టాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి, రింగు మధ్యలో ఫీల్డు ఒక ఎత్తులో ఒక వైపు, ఇంకో ఎత్తులో ఇంకో వైపు ఉంటుంది, లెక్క కంటే తిరగేసి చూడటమే తేలిక. గాజు దగ్గర ఫోకస్ పెట్టి ఉంచితే, సరైన మొహం పడ్డప్పుడు చుక్కలు ఒక్కొక్కటీ పైకొచ్చి నిలబడతాయి. వచ్చాక తొందరపడకండి, ఫోన్ కెమెరా ఐపీస్‌కి కట్టేసి టైమ్ ల్యాప్స్ పెట్టి టీ తాగి రండి, అయస్కాంతానికి ఫోన్ మరీ దగ్గరగా పెట్టకుండా. బురద మాత్రం కాలవలు కట్టేసిన రోజుల్లో, నీళ్ళు నిలిచి ఉన్నప్పుడే తెచ్చుకోండి. జూలైలో ఎర్రనీళ్ళు దిగాయంటే కొత్త ఒండ్రు పడి పొరలన్నీ చెదిరిపోతాయి.